సర్కారు సంచీ తెరిపించిన తిరుచానూరు ప్లీడరు

నా వెనక కనిపిస్తున్నది అలిపిరి చెక్‌పోస్ట్. బండిలో కొండకి పోవాలంటే ఇక్కడ ఆగాల్సిందే. దిగాలి, బ్యాగు స్కానర్ మీద పెట్టాలి. సిగరెట్లు, మందు లాంటివి ఉంటే ఇక్కడే తీసేస్తారు. ఎవరూ దీన్ని అవమానం అనుకోరు. "నన్ను అనుమానిస్తారా?" అని గొడవ పెట్టుకోరు. కొండకి పోతున్నాం కాబట్టి చూస్తారు, అంతే.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీరు రీఛార్జ్ చేసినా, షాంపూ ప్యాకెట్ కొన్నా, దాంట్లో కొంత పన్నుగా పోతుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టేది ప్రభుత్వం. మరి ఆ ప్రభుత్వాన్ని ఆపి, "ఆ సంచీ ఒకసారి తెరవండి, లోపల ఏముందో చూద్దాం" అని అడిగేది ఎవరు?

పార్లమెంటులో అలాంటి చెక్‌పోస్టులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు అంచనాల కమిటీ. 1950 ఏప్రిల్‌లో అది మొదలైంది. దాని తొలి చైర్మన్ మనకి పక్కనే, తిరుచానూరులో పుట్టినాయన. పేరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తర్వాత లోక్‌సభ స్పీకర్ కూడా అయ్యారు. పద్మావతి అమ్మవారి గుడికి ఏటా లక్షల మంది వస్తారు. ఆ ఊరి నుంచి ఇంత పెద్దమనిషి వచ్చాడని మన ఊరి పిల్లల్లోనే చాలామందికి తెలీదు. అందుకే ఈ ఎపిసోడ్.

అయితే ఇది "మనోడు గొప్పోడు" అని చెప్పుకునే ఎపిసోడ్ కాదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. ప్రభుత్వాన్ని లెక్క అడగడం ప్రతిపక్షం పని మాత్రమే అని మనం అనుకుంటున్నాం. మొదట్లో అది అలా లేదు. అధికార పార్టీలో ఉన్నవాళ్ళే తమ ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగారు. ఆ అలవాటు ఎలా మొదలైంది, ఇప్పుడు ఏమవుతోంది, చూద్దాం.

లెక్కల మాస్టారు, ప్లీడరు

అయ్యంగార్ పుట్టింది 1891 ఫిబ్రవరి 4న. తిరుపతిలో దేవస్థానం హైస్కూల్లో చదివారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీ, ఆ తర్వాత లా. కొంతకాలం లెక్కల మాస్టారుగా పాఠాలు చెప్పారు. 1915 నుంచి చిత్తూరులో ప్లీడరు. ఈ రెండు ఉద్యోగాలూ కొంచెం గుర్తుపెట్టుకోండి. ఒకటి అంకెలు చూడటం నేర్పుతుంది, రెండోది సాక్షిని ప్రశ్నించడం నేర్పుతుంది. ఆయన మిగతా జీవితం అంతా ఈ రెండింటి మీదే నడిచింది.

1934లో ఆయన ఢిల్లీలోని కేంద్ర శాసనసభకి ఎన్నికయ్యారు. అప్పుడు దేశం బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. ఆ సభకి ఉన్న అధికారం చాలా తక్కువ. బడ్జెట్‌లో పెద్ద భాగం మీద, ముఖ్యంగా సైన్యం ఖర్చు మీద, సభ్యులకి ఓటే లేదు. సభ ఒక బిల్లును కొట్టేస్తే వైస్రాయ్ తన అధికారంతో దాన్ని నెగ్గించుకోవచ్చు. సభలో ఓడిపోయినా ప్రభుత్వం పడిపోదు.

మరి అక్కడ కూర్చుని ఏం చేయాలి? ప్రశ్న అడగాలి. ఎందుకంటే ఓటుతో వాళ్ళని దించలేకపోయినా, ప్రశ్నతో వాళ్ళ నోటి నుంచి సమాధానం రప్పించవచ్చు. అది రికార్డులో ఎక్కుతుంది. రేపు పేపర్లో వస్తుంది.

ఈ ప్రశ్న అడిగే హక్కు కూడా ఊరికే రాలేదు. 1861లో పెట్టిన కౌన్సిల్లో సభ్యులకి ప్రశ్నలు అడిగే హక్కే లేదు. 1892 చట్టంతో వచ్చింది. 1893లో మొట్టమొదటి ప్రశ్న దేనిమీదో తెలుసా? పర్యటనకి వచ్చే సర్కారు ఆఫీసర్లకి సరుకులు సమకూర్చలేక జనం పడుతున్న ఇబ్బందుల మీద. దొర గుర్రమెక్కి ఊరికి వస్తాడు, బియ్యం, కోళ్ళు, పాలు ఊరే పెట్టాలి. మన దేశ చట్టసభల్లో తొలి ప్రశ్న రాజ్యాంగం గురించో స్వాతంత్ర్యం గురించో కాదు, ఆఫీసర్ల మర్యాదల ఖర్చు గురించి.

అప్పుడు ప్రశ్న అడిగితే ఒక్క సమాధానం చదివి కూర్చునేవాళ్ళు. "సరే, మరి దానికేమంటారు?" అని మళ్ళీ అడగడానికి లేదు. 1909లో అనుబంధ ప్రశ్న వచ్చింది, అదీ మొదట ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే. 1919 సంస్కరణల తర్వాత ఏ సభ్యుడైనా అడగొచ్చు అన్నారు. అసలు కథ ఇక్కడే ఉంటుంది. మొదటి సమాధానం ఆఫీసులో రాసిచ్చేది. రెండో ప్రశ్నకి మంత్రి సొంతంగా మాట్లాడాలి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ లాంటిదన్నమాట. చిత్తూరు ప్లీడరు గారికి అది కొట్టిన పిండి.

ఆ సభలో ఆయనకి 'ఎమ్డెన్' అనే పేరొచ్చింది. ఎమ్డెన్ అంటే 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టిపోయిన జర్మన్ యుద్ధనౌక. ఎప్పుడు వస్తుందో తెలీదు, వస్తే మాత్రం గురి తప్పదు. సభలో సర్కారు మీద అయ్యంగార్ దాడి అలా ఉండేదట. వ్యక్తి సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియాలోనూ జైలుకి కూడా వెళ్ళారు.

అడిగేవాళ్ళే గద్దె ఎక్కితే

ఇక్కడిదాకా కథ సులువు. ఎదురుగా ఉన్నది పరాయి సర్కారు. అడగడానికి మొహమాటం ఏముంది?

1947 తర్వాత అసలు పరీక్ష వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం కాంగ్రెస్‌ది. అయ్యంగార్ కూడా కాంగ్రెస్. మంత్రుల్లో చాలామంది ఆయనతో పాటు ఉద్యమంలో తిరిగినవాళ్ళు, జైలుకి పోయినవాళ్ళు. "మనవాళ్ళే కదా, మన సర్కారే కదా, ఇంకా ఈ ప్రశ్నలెందుకు?" అని ఎవరైనా అనగలిగే పరిస్థితి.

ఆ టైంలో ఆర్థిక మంత్రి జాన్ మత్తాయ్ సూచన మీద అంచనాల కమిటీ ఏర్పాటైంది. గమనించండి, ఖర్చుపెట్టే ప్రభుత్వంలోని ఆర్థిక మంత్రే "మా ఖర్చు చూడటానికి ఒక కమిటీ ఉండాలి" అన్నారు. దానికి అయ్యంగార్ తొలి చైర్మన్.

ఈ కమిటీ పని ఏంటి? ప్రతి శాఖా "మాకు వచ్చే ఏడాదికి ఇంత కావాలి" అని అంచనా వేస్తుంది కదా. ఆ అంచనాల్లోంచి కొన్ని శాఖల్ని ఎంచుకుని లోతుగా చూడాలి. ఇదే పని తక్కువ ఖర్చులో అవుతుందా? ఇంతమంది ఉద్యోగులు అవసరమా? ఒకే పని రెండు ఆఫీసులు చేస్తున్నాయా? ఇంకో పద్ధతిలో చేస్తే జనానికి సేవ బాగా అందుతుందా? ఆఫీసర్లని పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు, కాగితాలు తెప్పించుకుంటారు, రిపోర్టు రాసి సభ ముందు పెడతారు. మొదట 25 మంది సభ్యులు, 1956 నుంచి 30 మంది. అందరూ లోక్‌సభ వాళ్ళే. మంత్రికి ఇందులో చోటు లేదు. చెకింగ్ చేసేవాడూ చెకింగ్ అయ్యేవాడూ ఒకడే అయితే ఇంకేముంది?

దీనికి అన్న లాంటిది ఇంకో కమిటీ ఉంది, ప్రజాపద్దుల కమిటీ. వార్తల్లో 'పీఏసీ' అంటారు. అది 1921 నుంచీ ఉంది. కానీ బ్రిటిష్ కాలంలో దాని అధ్యక్షుడు ఎవరు? ప్రభుత్వంలోని ఆర్థిక సభ్యుడే! 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చాకే అది నిజంగా పార్లమెంటు కమిటీ అయింది. 1967 నుంచి దాని చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ అయింది. మొదట ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిపక్ష నాయకుడు మినూ మసాని.

రెండింటికీ తేడా మన భాషలో చెప్తా. అంచనాల కమిటీ కొండ ఎక్కే దారిలో చెకింగ్ లాంటిది: ఏం తీసుకుపోతున్నారు, ఎందుకు అని అడుగుతుంది. పీఏసీ దిగేటప్పుడు చెకింగ్: ఇచ్చిన డబ్బు ఏం చేశారు, బిల్లులు ఏవి అని అడుగుతుంది. కాగ్ ఆడిట్ రిపోర్టు దాని చేతిలో ఉంటుంది. ఈ రెండు ఆలోచనలూ బ్రిటన్ నుంచి వచ్చినవే. అక్కడ పీఏసీ 1861లో, అంచనాల కమిటీ 1912లో మొదలయ్యాయి.

ఒక తేడా మాత్రం మర్చిపోకూడదు. అలిపిరిలో సెక్యూరిటీ వాళ్ళు బండిని ఆపేయగలరు. అంచనాల కమిటీ ఆపలేదు. కమిటీ రిపోర్టు వచ్చేలోపే సభ బడ్జెట్‌ను పాస్ చేసేయొచ్చు. కమిటీ చెప్పింది ప్రభుత్వం చేసి తీరాలన్న రూలు కూడా లేదు. అయితే జవాబు చెప్పాలి: ఏది ఒప్పుకున్నాం, ఏది ఒప్పుకోలేదు, ఎందుకు. అంతే దాని బలం. చిన్నదిగా అనిపిస్తుంది. కానీ కాగితం మీద "ఎందుకు" అని రాయాల్సి వస్తుందని ముందే తెలిసిన ఆఫీసరు, పని చేసేటప్పుడే కొంచెం జాగ్రత్తగా చేస్తాడు.

1957 డిసెంబరు 16

1952లో అయ్యంగార్ తిరుపతి నుంచి తొలి లోక్‌సభకి గెలిచారు, డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1956 ఫిబ్రవరిలో స్పీకర్ మావలంకర్ చనిపోయారు. మార్చి 8న అయ్యంగార్ స్పీకర్ అయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్ళీ స్పీకర్. 1962 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

ఆ 1957 సభ ఎలాంటిదో చూడండి. మొత్తం 494 సీట్లలో కాంగ్రెస్‌వి 371. ప్రతిపక్షం అంటూ గట్టిగా లేదు. ప్రధాని నెహ్రూ. ఇలాంటి సభలో ప్రభుత్వాన్ని ఎవరు అడుగుతారు?

అప్పుడే ముంద్రా వ్యవహారం బయటికొచ్చింది. 1956 సెప్టెంబరు 1న ప్రైవేటు బీమా కంపెనీలన్నిటినీ కలిపి ఎల్ఐసీ పెట్టారు. అంటే మామూలు ఉద్యోగులు, బడిపంతుళ్ళు నెలనెలా కట్టిన ప్రీమియం డబ్బు ఒకచోటికి చేరింది. 1957 జూన్‌లో ఎల్ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను సుమారు 1.24 కోట్ల రూపాయలకి కొనేసింది. ఆ కంపెనీల పరిస్థితి బాగాలేదు. ఎల్ఐసీకి సొంత పెట్టుబడుల కమిటీ ఉంది. దాన్ని ముందుగా అడగనే లేదు.

మొదట ఇది సభలో ఒక మామూలు ప్రశ్నగా వచ్చింది. అడిగింది రామ్ సుభగ్ సింగ్, కాంగ్రెస్ ఎంపీ. సమాధానం దాటవేసినట్టు ఉంది. నవంబరులో మళ్ళీ అడిగారు. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లేచి మొత్తం లెక్క విప్పారు: ఏ రోజు ఏ షేరు మార్కెట్లో ఎంత ఉంది, ఎల్ఐసీ ఎంతకి కొన్నది. ఫిరోజ్ గాంధీ ఎవరు? కాంగ్రెస్ ఎంపీ. పైగా ప్రధాని అల్లుడు. స్పీకర్ కుర్చీ అయ్యంగార్‌ది, ఆయనా ఆ పార్టీ నుంచి వచ్చినాయనే.

తర్వాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో విచారణ కమిషన్ వేశారు. విచారణ బహిరంగంగా జరిగింది. లోపల చోటు లేనివాళ్ళకి వినిపించేలా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. కింది ఆఫీసరు చేశాడు, నాకు తెలీదు అని మంత్రి తప్పించుకోలేరని, శాఖ చేసినదానికి మంత్రిదే బాధ్యత అని చాగ్లా తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఇందులో కొంచెం చేదు కూడా ఉంది. కృష్ణమాచారి 1962లో మళ్ళీ మంత్రి అయ్యారు. అంటే ఒక్క ప్రశ్నతో వ్యవస్థ కడిగిన ముత్యం అయిపోలేదు. కానీ ఎల్ఐసీ డబ్బు ఎవరిది, దాన్ని ఎలా వాడాలి అన్న మాట అప్పటి నుంచి దేశంలో గట్టిగా నిలబడింది. మన ఇంట్లో నాన్న కట్టే పాలసీకీ ఆ రోజు అడిగిన ప్రశ్నకీ సంబంధం ఉంది.

ఇంకో చిన్న సంగతి. ఫోన్లో వీడియోలు చూసే మీకు ఇది ముఖ్యం. ఆ రోజుల్లో సభలో ఎంపీ ఏం మాట్లాడినా ఆయన మీద కేసు వేయడానికి లేదు. కానీ ఆ మాటల్ని అచ్చువేసిన పేపరు మీద వేయొచ్చు! ఫిరోజ్ గాంధీ ప్రైవేటు బిల్లు పెట్టి 1956లో దీన్ని మార్పించారు. సభలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు, దురుద్దేశం లేకుండా ప్రచురిస్తే రక్షణ. ఎమర్జెన్సీలో 1976లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 1977లో మళ్ళీ తెచ్చారు. ప్రశ్నని నొక్కేయాలనుకున్నవాళ్ళు ముందు దేనిమీద చెయ్యి వేశారో చూశారా? అడిగే నోటి మీద కాదు, దాన్ని జనానికి చేర్చే కాగితం మీద.

ఇప్పటి లెక్క

సరే, పాత కథ బాగుంది. ఇప్పుడు ఎలా ఉంది?

అయ్యంగార్ కూర్చున్న డిప్యూటీ స్పీకర్ కుర్చీ నుంచే మొదలుపెడదాం. రాజ్యాంగం 93వ అధికరణం ప్రకారం లోక్‌సభ వీలైనంత త్వరగా స్పీకర్‌నీ డిప్యూటీ స్పీకర్‌నీ ఎన్నుకోవాలి. 2019 నుంచి 2024 దాకా నడిచిన 17వ లోక్‌సభ, అయిదేళ్ళూ, డిప్యూటీ స్పీకర్ లేకుండానే ముగిసిపోయింది. ఇలా ఎప్పుడూ జరగలేదు. 2024 జూన్‌లో మొదలైన సభలో ఏడాది గడిచినా ఆ కుర్చీ ఖాళీయే. ఉత్త అలంకారం పదవి అనుకోకండి. డిప్యూటీ స్పీకర్ ఏదైనా పార్లమెంటు కమిటీలో సభ్యుడైతే దానికి ఆయనే చైర్మన్ కావాలని లోక్‌సభ రూలే చెప్తుంది.

తర్వాత ప్రశ్నోత్తరాల సమయం. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ కారణం చెప్పి దాన్ని తీసేశారు. రాతపూర్వక జవాబులు ఇచ్చారు. కానీ మనం ఇందాక చెప్పుకున్న ఆ రెండో ప్రశ్న, క్రాస్ ఎగ్జామినేషన్, పోయింది.

తర్వాత బడ్జెట్. 2023 మార్చి 23న దాదాపు 45 లక్షల కోట్ల రూపాయల ఖర్చుకి లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదం తెలిపింది. చర్చ జరగని శాఖల పద్దులన్నీ ఒకేసారి ఓటుకి పెట్టేయడాన్ని 'గిలెటిన్' అంటారు. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు అది. ఇది కొత్తది కాదు, 2018లోనూ అలాగే జరిగింది. బిల్లుల సంగతి చూస్తే, పీఆర్ఎస్ సంస్థ లెక్క ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లుల్ని కమిటీలకి పంపారు. 17వ లోక్‌సభలో 16 శాతం.

దీనికి అవతలి వాదన కూడా వినాలి. "ప్రతిపక్షం సభని నడవనివ్వదు, పోడియం దగ్గరికి వచ్చి కేకలు వేస్తుంది, మరి చర్చ ఎక్కడ జరుగుతుంది?" అని ప్రభుత్వం అంటుంది. అందులో నిజం ఉంది. 2023 మార్చిలో రెండు వైపుల నుంచీ అరుపులే. కేక వీడియో అవుతుంది, వైరల్ అవుతుంది. 200 పేజీల రిపోర్టు చదివి అడిగిన ప్రశ్న రీల్ అవ్వదు. కాబట్టి మనం దేన్ని లైక్ చేస్తున్నామో అది కూడా ఈ లెక్కలో ఉంది.

మన రాష్ట్రానికి వద్దాం. 2019 తర్వాత అసెంబ్లీలో పీఏసీ చైర్మన్‌గా ఉన్నది అప్పటి ప్రతిపక్ష టీడీపీ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్. 2024లో ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. నిన్న పద్దులు తనిఖీ చేసినాయన ఇవాళ పద్దులు రాస్తున్నారు. 2024 ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీకి వచ్చింది 11 సీట్లు. నవంబరులో పీఏసీ ఎన్నికను ఆ పార్టీ బహిష్కరించింది. చైర్మన్ పదవి అధికార కూటమిలోని జనసేన ఎమ్మెల్యేకి వెళ్ళింది.

ఇక్కడ ఎవరిది తప్పు అన్న గొడవలోకి నేను పోను. కామెంట్లలో మీరు ఎలాగూ పోతారు. నా మాట ఏంటంటే, ఇలాంటి సభలో 1957 గుర్తుకు రావాలి. ప్రతిపక్షం 11 మందే ఉన్నప్పుడు అడిగే బాధ్యత మాయమైపోదు, మిగతా 164 మంది భుజాల మీదికి వస్తుంది. ఎమ్మెల్యేని గెలిపించేది ప్రభుత్వానికి చప్పట్లు కొట్టడానికి మాత్రమే కాదు. కాంగ్రెస్ వాళ్ళు కాంగ్రెస్ ప్రభుత్వాన్ని అడిగినప్పుడు పార్టీ కూలిపోలేదు, 1962లో మళ్ళీ గెలిచింది కూడా.

మన చేతిలో ఏముంది

మనం ఎంపీలం కాదు, నిజమే. కానీ 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ఆ చట్టంలో ఎనిమిదో సెక్షన్‌లో ఒక మాట ఉండేది: పార్లమెంటుకి గానీ శాసనసభకి గానీ ఇవ్వడానికి నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించకూడదు. ఎంత పెద్ద మాటో చూడండి. ఎమ్డెన్ అనిపించుకున్న అయ్యంగార్‌కీ, అలిపిరి మెట్ల దగ్గర టెంకాయలు అమ్మే అక్కకీ ఒకే హక్కు అన్నట్టు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో ఆ మాటను తీసేసే సవరణ పెట్టారు. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? దాని మీద ఎన్ని రీల్స్ చూశాం?

అయినా చేయగలిగింది ఉంది. లోక్‌సభ వెబ్‌సైట్లో మీ ఎంపీ పేరు కొట్టండి. ఆయన ఏ ప్రశ్నలు అడిగారో, ప్రభుత్వం ఏం జవాబిచ్చిందో అన్నీ ఉంటాయి. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో 1957 డిసెంబరు చర్చ కూడా వెతికి చదువుకోవచ్చు. అందులో కేకలు తక్కువ, అంకెలు ఎక్కువ.

మీ ఎంపీ, మీ ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా సరే, మీరు ఓటేసినవాళ్ళే అయినా సరే, ఈసారి ఊళ్ళో కనిపిస్తే ఫోటో దిగండి, తప్పులేదు. దిగాక ఒక్క మాట అడగండి: "సార్, పోయిన సమావేశాల్లో మీరు మన ప్రభుత్వాన్ని ఏం అడిగారు?" ఆయన ఏం చెప్పారో కింద కామెంట్లో రాయండి. చదివి వినిపిస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.